మొదటి సీసా కెరటిన్‌దే, రెండోది మాత్రం కాదు: డెల్టాలో చిన్న ల్యాబుకి యాంటీబాడీల ఎంపిక

లంక పొగాకు చుట్ట కాలుస్తూనే డెబ్బై దాటిన ఒక తాతగారికి మెడలో గడ్డ. సర్జన్ ముక్క తీసి పంపారు. హెచ్ అండ్ ఇ, అంటే రోజూ వేసే ఊదా, గులాబీ రంగుల స్లైడు నిండా పెద్ద పెద్ద న్యూక్లియస్‌లు, గుంపులుగా పేరుకున్న కణాలు. వెతికి వెతికి చూసినా ఒక్క కెరటిన్ ముత్యం లేదు, గ్రంథి ఆకారమూ లేదు. కార్సినోమానా (పొరల, గ్రంథుల కణాల క్యాన్సరు), లింఫోమానా (లింఫ్ కణాలది), మెలనోమానా (చర్మపు రంగు కణాలది)? మూడింటికీ మూడు వేరు వైద్యాలు. ఇన్నాళ్లూ మేం చేసింది బ్లాకు (ముక్కను మైనంలో పోసిన దిమ్మ) పార్సిల్ కట్టి విశాఖకో హైదరాబాదుకో పంపడం, ఈలోగా వాళ్లబ్బాయి రోజూ ఫోన్ చేసి "రిపోర్టు వచ్చిందాండి?" అని అడుగుతుంటే "రేపు రావచ్చు బాబూ" అని చెప్పడం.

ఇలాంటి పరిస్థితిలో ఉండి, ఇమ్యూనో (కణంలోని ఒక ప్రోటీనుకి యాంటీబాడీ అంటించి గోధుమరంగు తేల్చే పరీక్ష) సొంతంగా మొదలుపెడదాం అనుకుంటున్న డెల్టా ల్యాబుల కోసం ఇది రాస్తున్నాను. ఫ్రిజ్‌లో చోటూ, చేతిలో డబ్బూ రెండు మూడు సీసాలకే సరిపోతాయి. డీలరు జాబితాలో మాత్రం కెరటిన్ (పొరల, గ్రంథుల కణాల్లో ఉండే పోగు ప్రోటీను, పొట్టిగా సీకే) అనే పేరుతోనే డజనుకు పైగా ఉంటాయి. మా డీలరు కుర్రాడు మొదటిరోజే "మేడమ్ గారండి, సీకే7, సీకే20 జంటగా తీసేసుకోండి. ఇప్పుడందరూ అవే అడుగుతున్నారండి" అన్నాడు. ఆ మాట విని కొన్నాను. కొనకుండా ఉండాల్సింది.

ఏం చూసి ఎంచుకోవాలి

అన్నిటికన్నా ముందు మీ పాత రిజిస్టరు తీయండి. గడిచిన ఏడాదిలో బయటికి పంపిన బ్లాకులెన్ని, ఒక్కో బ్లాకు వెనక మీ సందేహం ఏమిటి అని పక్కన రాసుకోండి. "ఇది ఎపిథీలియల్ కణమేనా (పొరల, గ్రంథుల కణమేనా)?" అనేది ఒక సందేహం. "ఎపిథీలియలే, కానీ ఎక్కడి నుంచి వచ్చింది?" అనేది ఇంకొకటి. "ఈ గ్రంథి చుట్టూ బేసల్ కణాలు (అడుగు వరసవి) ఉన్నాయా, పోయాయా?" అనేది మూడోది. ఈ మూడింటికీ ఒకే సీసా జవాబు చెప్పదు. మీ రిజిస్టరులో ఏ ప్రశ్న ఎక్కువసార్లు కనిపిస్తే ఆ సీసా ముందు కొనాలి.

తర్వాత చూడాల్సినవి: ఆ క్లోన్ (ఒకే కణం సంతతి నుంచి వచ్చే యాంటీబాడీ) ఏ కెరటిన్లను పట్టుకుంటుంది, ఎక్కడ అబద్ధం చెబుతుంది, కుక్కర్ రిట్రీవల్‌కి (ఫార్మలిన్ మూసేసిన ప్రోటీన్లను వేడితో మళ్లీ తెరవడానికి) లొంగుతుందా, గడువు తేదీలోపు అది ఖర్చవుతుందా. చివరిది అందరూ తేలిగ్గా తీసుకుంటారు. నా అనుభవంలో ఎక్కువ డబ్బు పోయేది అక్కడే.

తాడు లెక్క తెలిస్తే క్లోన్ల లెక్క తెలుస్తుంది

కోనసీమలో కొబ్బరితాడు పేనడం చూడని వాళ్లు ఉండరు. ఒక్క పురితో తాడు కాదు, రెండు పురులు ఒకదాన్నొకటి మెలేసుకోవాలి. కెరటిన్ కూడా అంతే. మనిషిలో పనిచేసే కెరటిన్ జన్యువులు 54. అవి రెండు జాతులు: ఆమ్ల గుణం ఉన్నవి టైప్ 1, క్షార గుణం ఉన్నవి టైప్ 2. ఎపిథీలియల్ కణంలో ప్రతి పోగులోనూ ఈ జాతి నుంచి ఒకటి, ఆ జాతి నుంచి ఒకటి మెలేసుకునే ఉంటాయి. లివర్ లాంటి ఒంటిపొర కణాల్లో 8, 18 జంట. చర్మం, నోరు, అన్నవాహికల అడుగు వరసలో 5, 14 జంట. చర్మం పైపొరల్లో 1, 10 జంట. 1982లో మోల్, ఫ్రాంకే బృందం 19 కెరటిన్లను వరుస నంబర్లతో జాబితా వేసింది. మనం ఇప్పటికీ వాడుతున్న అంకెలకు మూలం అదే.

కణం క్యాన్సరుగా మారినా పుట్టింటి తాడును చాలావరకు వదులుకోదు. మోనోక్లోనల్ యాంటీబాడీ పట్టుకునేది ఆ తాడులో ఒకే ఒక్క గుర్తును. కోలర్, మిల్‌స్టీన్ 1975లో ఎలుక ప్లీహపు కణాన్ని మైలోమా కణంతో కలిపి, ఒకే రకం యాంటీబాడీ తయారుచేస్తూ పోయే కణాన్ని సాధించారు. ఆ పద్ధతి వల్లే ఈరోజు కొన్న సీసా, మూడేళ్ల తర్వాత కొనే సీసా ఒకే గుర్తును పట్టుకుంటాయి. పలు కణాల యాంటీబాడీలు కలిసి ఉండే పాలీక్లోనల్ సీరమ్‌లో ఆ భరోసా లేదు.

ఏఈ1/ఏఈ3: మొదటి సీసా

ఇది రెండు క్లోన్ల మిశ్రమం. ఏఈ1 టైప్ 1 పురుల్లో 10, 14, 15, 16, 19లను పడుతుంది. ఏఈ3 టైప్ 2 పురుల్లో 1 నుంచి 8 దాకా పడుతుంది. 18 ఏఈ1కి దొరకదు కదా, లివర్ సంగతేమిటి అని మా టెక్నీషియనే ఒకసారి అడిగాడు. మంచి ప్రశ్న. 18 దొరక్కపోయినా, దాన్ని మెలేసుకున్న 8 ఏఈ3కి దొరుకుతుంది. రెండు పురుల్లో ఏదో ఒకటి చేతికి చిక్కితే తాడు చిక్కినట్టే. ఈ మిశ్రమం ఇన్నేళ్లు నిలబడటానికి కారణం అదే.

స్క్వామస్ కార్సినోమా, అడినోకార్సినోమా, యూరోథీలియల్, నేసోఫేరింజియల్ రకాలు చాలామటుకు గట్టిగా గోధుమరంగు తేలతాయి. మెడ నోడులో (లింఫ్ గ్రంథిలో) ఆరు కణాలే ఉన్నా కంటికి కనిపిస్తాయి. చుట్ట, గుట్కా అలవాట్ల వల్ల నోటి క్యాన్సర్లు ఇంతగా చూసే మనకి ఇది చాలా విలువైన సంగతి.

మరి ఎక్కడ తడబడుతుంది? కెరటిన్ తక్కువగా ఉండే కణితుల్లో. హెపటోసెల్యులార్ కార్సినోమా, కిడ్నీ క్లియర్ సెల్ కార్సినోమా, స్మాల్ సెల్ కార్సినోమాల్లో రంగు పలచగా రావచ్చు, అక్కడక్కడే రావచ్చు. స్మాల్ సెల్‌లో న్యూక్లియస్ పక్కన చుక్కలా మాత్రమే కనిపిస్తే దాన్ని నెగెటివ్ అని కొట్టేయకండి, ఆ చుక్కే గుర్తు. ఇంకోవైపు, మెదడు ముక్కల మీద దీన్ని నమ్మకూడదు. మెదడులో ఆసరాగా ఉండే గ్లియల్ కణాలు కూడా దీనికి రంగు తేలతాయి, గ్లయోమాను (ఆ కణాల కణితిని) మెటాస్టాసిస్ (వేరేచోటి నుంచి పాకిన క్యాన్సరు) అనుకునే ప్రమాదం ఉంది. అక్కడ కింద పట్టికలో వచ్చే కామ్ 5.2 సీసా మేలు.

ఇంకొక్క మాట, పొట్టనీరు సెల్ బ్లాకులు (నీటిలోని కణాలతో కట్టే దిమ్మలు) చేసేవాళ్లకి. పొట్ట లోపలి పొరలో ఉండే మీసోథీలియల్ కణాలకీ కెరటిన్ ఉంటుంది. పాన్ కెరటిన్ (ఏఈ1/ఏఈ3 లాంటి విస్తృత సీసా) పాజిటివ్ వచ్చింది కాబట్టి కార్సినోమా అని రాసేశారంటే పెద్ద తప్పు చేసినట్టే. ఫ్లూయిడ్లలో ఈ సీసా ఒంటరిగా ఏ ప్రశ్నకీ జవాబు చెప్పదు.

మిగతా విస్తృత కెరటిన్లు

| సీసా | పట్టుకునేవి | ఎక్కడ బాగుంటుంది | ఎక్కడ జాగ్రత్త |
|---|---|---|---|
| కామ్ 5.2 | ముఖ్యంగా 8, కొంత 7 | లివర్, స్మాల్ సెల్, మెదడుకి పాకిన కార్సినోమా | స్క్వామస్‌లో పలచన లేదా నెగెటివ్ |
| ఆస్కార్ | 7, 8, 18, 19 | గ్రంథి జాతి కణితులు | బేసల్ జంట 5, 14 దీని జాబితాలో లేవు |
| ఎంఎన్ఎఫ్116 | 5, 6, 8, 17, 19 | స్క్వామస్, గ్రంథి రెండూ | రిట్రీవల్ పద్ధతి మారితే ఫలితం మారుతుంది |

కామ్ 5.2ను 1984లో పెద్దపేగు క్యాన్సరు కణాల వరుస హెచ్‌టీ29తో తయారుచేశారు. చాలాకాలం దీన్ని 8, 18 రెండింటికీ అనుకున్నారు, పాత కరపత్రాల్లో ఇంకా అలాగే ఉంటుంది. ఏఈ1/ఏఈ3 పలచబడే చోట ఇది నిలబడుతుంది, అది నిలబడే స్క్వామస్ దగ్గర ఇది వెనకబడుతుంది. ఒకదానికి బదులు ఇంకొకటి కాదు, ఒకదానికి తోడు ఇంకొకటి. నోడుల్లో వాడేటప్పుడు ఒక చిక్కుంది: లింఫ్ నోడులో సహజంగా ఉండే రెటిక్యులర్ కణాలకు 8, 18 కెరటిన్లు ఉంటాయి. సన్నని కొమ్మల్లాంటి చేతులు చాచుకుని అక్కడక్కడ గోధుమరంగు తేలతాయి. వాటిని చూసి మెటాస్టాసిస్ రాశారంటే ఆ రోగికి అనవసరంగా స్టేజి పెరిగిపోతుంది. హెచ్ అండ్ ఇలో ఆ చోటే చూసి కణం ముఖం సరిపోల్చాకే రాయాలి.

ఆస్కార్, ఎంఎన్ఎఫ్116 చెడ్డవని కాదు. ఏఈ1/ఏఈ3 ఉన్న ల్యాబుకి అవి తొందర లేదు.

రెండో సీసా ఎందుకు కెరటిన్ కాకూడదు

తాతగారి నోడు దగ్గరికి మళ్లీ వెళ్దాం. ఏఈ1/ఏఈ3 వేశాం, రంగు రాలేదు. ఇప్పుడేమిటి? కామ్ 5.2 వేస్తారు, అదీ రాలేదు. సీకే7 వేస్తారు. ఇలా ఎన్ని కెరటిన్లు వేసినా "ఇది కాదు" అనే మాట తప్ప "ఇది" అనే మాట రాదు. దాని బదులు ఎల్‌సీఏ, అంటే తెల్లరక్తకణాల గుర్తు సీడీ45, పక్కనే వేసి ఉంటే లింఫోమా అని అదే పూటలో తేలిపోవచ్చు. అందుకే నా లెక్కలో మొదటి సీసా ఏఈ1/ఏఈ3, రెండోది ఎల్‌సీఏ, వీలైతే మూడోది మెలనోమా కోసం ఎస్100 లేదా సాక్స్10. నాలుగో సీసా దగ్గరే మళ్లీ కెరటిన్ల మాట. డీలరు కుర్రాడికి ఈ వరుస నచ్చదు. ఎల్‌సీఏ కొంటే దానికి జంట అమ్మడం కుదరదు మరి.

కెరటిన్ పాజిటివ్ అన్నంత మాత్రాన కార్సినోమా ఖాయం కాదనడానికీ ఈ పక్క సీసాలే దిక్కు. సైనోవియల్ సార్కోమా, ఎపిథీలియాయిడ్ సార్కోమా కార్సినోమాలు కాకపోయినా కెరటిన్‌కి రంగు తేలేవే.

నోరు, మెడ ఎక్కువ చూసేవాళ్లకి: సీకే5/6, 34బీటాఈ12

అడ్డపొగ అలవాటు శ్రీకాకుళం, విశాఖ వైపు ఎక్కువే అయినా, చుట్ట నిప్పు నోట్లో పెట్టుకునే పెద్దవాళ్లు ఇటు తీరంలోనూ తగులుతారు. అంగిటి పుండు నుంచి తీసిన ముక్కలో స్క్వామస్ కార్సినోమా గుర్తుపట్టడానికి మామూలుగా ఇమ్యూనో అక్కర్లేదు, హెచ్ అండ్ ఇ చాలు. అవసరం వచ్చేది రెండు చోట్ల. ఒకటి, నోడులో పూర్తిగా మొరటుబారిన కణాలు. రెండు, కదురుల్లా సాగిపోయి సార్కోమాలా నటించే స్క్వామస్. ఈ రెండో రకంలో కణాలు కెరటిన్‌ను చాలా కోల్పోయి ఉంటాయి కాబట్టి ఒక్క క్లోన్ నెగెటివ్ వస్తే ఆగకూడదు. ఏఈ1/ఏఈ3, 34బీటాఈ12, పీ63 (స్క్వామస్ కణాల న్యూక్లియస్‌లో ఉండే గుర్తు) మూడూ వేసి, ఏ ఒక్కటి ఏ మూల రంగు తేలినా పట్టుకోవాలి.

34బీటాఈ12 బరువైన కెరటిన్లు 1, 5, 10, 14లను పడుతుంది. దాని అసలు పేరు ప్రోస్టేట్ దగ్గర. సూది ముక్కలో అనుమానపు గ్రంథుల చుట్టూ బేసల్ కణాల వరస ఉంటే గోధుమరంగు అంచు కనిపిస్తుంది, కార్సినోమాలో ఆ అంచు ఉండదు. కానీ మంచి గ్రంథుల్లోనూ ఆ వరస అక్కడక్కడ తెగి ఉండవచ్చు, కాబట్టి రెండు గ్రంథుల్లో అంచు లేదని తీర్పు ఇచ్చేయకండి. మీ ఊళ్లో యూరాలజిస్టు ఉండి ప్రోస్టేట్ ముక్కలు వస్తుంటే నాలుగో సీసా ఇదే.

సీకే5/6లో ఎక్కువగా దొరికే క్లోన్ డీ5/16బీ4. స్క్వామస్‌కి, మీసోథీలియోమాకి, రొమ్ములో మామూలు హైపర్‌ప్లేసియాను (కణాలు అతిగా పెరగడం) అనుమానపు రకమైన ఎటిపికల్ నుంచి విడదీయడానికి పనికొస్తుంది. నిజం చెప్పాలంటే స్క్వామస్ ఒక్కదానికే అయితే నేను సీకే5/6 కంటే పీ63 జాతిదే అయిన పీ40కే ఓటేస్తాను. న్యూక్లియస్‌లో వచ్చే రంగు సైటోప్లాజంలో వచ్చే రంగు కంటే చదవడానికి సుఖం.

సీకే7, సీకే20: జంట ఎప్పుడు కొనాలి

లివర్లోనో ఊపిరితిత్తిలోనో అడినోకార్సినోమా కనబడి, పుట్టిల్లు తెలియనప్పుడు. గ్యాస్ట్రో డాక్టరు, సీటీ గైడెడ్ బయాప్సీలు ఉన్న చోట ఇది రోజువారీ అవసరం. నర్సింగ్ హోముల గర్భసంచులు, పిత్తాశయాలు, అపెండిక్సులే వచ్చే ల్యాబులో సీసాలు ఫ్రిజ్‌లోనే ముసలివైపోతాయి. నావి అలాగే పోయాయి.

| సీకే7 | సీకే20 | ముందు తలచుకోవలసినవి |
|---|---|---|
| ఉంది | లేదు | ఊపిరితిత్తి అడినో, రొమ్ము, అండాశయం సీరస్, ఎండోమెట్రియం, థైరాయిడ్ |
| లేదు | ఉంది | పెద్దపేగు, మెర్కెల్ సెల్ |
| ఉంది | ఉంది | యూరోథీలియల్, పాంక్రియాస్, జీర్ణాశయంలో కొన్ని, అండాశయం మ్యూసినస్ |
| లేదు | లేదు | లివర్, కిడ్నీ క్లియర్ సెల్, ప్రోస్టేట్, స్క్వామస్‌లో చాలావరకు |

ఈ పట్టికను చాలామంది పంచాంగంలా చదువుతారు. ఇది ఊరి దిక్కు చూపిస్తుంది, ఇంటి నంబరు చెప్పదు. దీని తర్వాత పుట్టింటి అవయవాన్ని సూచించే టీటీఎఫ్1, సీడీఎక్స్2, గాటా3, పాక్స్8 లాంటివి కావాలి. అవి లేకుండా జంట మాత్రమే కొనడం అంటే రావులపాలెం దాకా టిక్కెట్టు తీసుకుని అమలాపురం చేరదామనుకోవడమే.

రెడీ టు యూజ్‌దా, కాన్సన్‌ట్రేట్‌దా

రెడీ టు యూజ్ అంటే నేరుగా వేసేది, కాన్సన్‌ట్రేట్ అంటే పలచన చేసి వాడే చిక్కటిది. లెక్క వేసి చూడండి. ఒక స్లైడుకి 100 మైక్రోలీటర్లు అనుకుంటే 6 మిల్లీలీటర్ల రెడీ టు యూజ్ సీసా 60 స్లైడ్లు, 3 మిల్లీలీటర్లది 30 స్లైడ్లు. 1 మిల్లీలీటరు కాన్సన్‌ట్రేట్‌ను 1:100కి పలచన చేస్తే 1000 స్లైడ్లు. స్లైడు ధరలో కాన్సన్‌ట్రేట్‌దే గెలుపు. కానీ నెలకు నాలుగు కేసులు చేసే ల్యాబుకి 1000 స్లైడ్లు ఏం చేసుకోను? గడువు ముందే వస్తుంది. పైగా సరైన పలచన ఎంతో మీరే 1:50, 1:100, 1:200 వేసి కనిపెట్టాలి. పలచన చేసినది ఎక్కువ రోజులు నిలవదు. 0.1 మిల్లీలీటర్ల చిన్న సీసా దొరికితే అది మధ్యేమార్గం.

నెలకు పది కేసుల లోపైతే 3 మిల్లీలీటర్ల రెడీ టు యూజ్‌తోనే మొదలుపెట్టండి. కంట్రోలు ముక్కను (రంగు రావాలని ముందే తెలిసినది), కేసు ముక్కను ఒకే స్లైడు మీద తీస్తే సీసా దాదాపు రెట్టింపు కాలం వస్తుంది. బోధనాసుపత్రుల్లో, కాకినాడ, రాజమహేంద్రవరం లాంటి చోట్ల పీజీలు ఉండి రోజూ రన్ (ఒక విడత పరీక్ష) వేసేవాళ్లకి మాత్రం కాన్సన్‌ట్రేటే లాభం, పలచన కనిపెట్టడం పిల్లలకి మంచి పాఠం కూడా.

ఏ క్లోన్ కొన్నా పాడుచేసేవి

ఒక నర్సింగ్ హోము నుంచి నోడు ముక్క సెలైన్‌లో వచ్చింది, రాత్రంతా అందులోనే ఉండి. ఏఈ1/ఏఈ3 అంచుల్లో మాత్రం రంగు తేలి మధ్యలో ఖాళీ. ఇంకోసారి ఫార్మలిన్‌ను నీళ్లు కలపకుండా సీసాలోంచి నేరుగా పోశారు. అంగడి సీసాలో ఉండేది 37 నుంచి 40 శాతం ఫార్మాల్డిహైడ్. దాన్ని ఒక వంతు తీసుకుని తొమ్మిది వంతుల నీళ్లలో కలిపి, ఫాస్ఫేటు లవణాలతో బఫర్ చేస్తేనే మనకు కావలసిన 10 శాతం ఫార్మలిన్. ముక్కకు కనీసం పది రెట్లు పోయాలి. రొమ్ము ముక్కలకు పెట్టుకున్న 6 నుంచి 72 గంటల నియమాన్నే అన్నిటికీ పాటించండి. మేమైతే ఇప్పుడు ఫార్మలిన్ డబ్బాలు మేమే నింపి నర్సింగ్ హోములకి పంచుతున్నాం. ఏ సీసా కొన్నదానికంటే ఈ పనివల్లే మా స్లైడ్లు ఎక్కువ బాగుపడ్డాయి.

తీరం దగ్గర బోరునీళ్లు ఉప్పు. బఫర్‌కి డిస్టిల్డ్ వాటరే.

రిట్రీవల్‌కి మామూలు స్టీలు కుక్కర్ చాలు, ట్రిస్ ఈడీటీఏ పీహెచ్ 9 బఫర్‌తో. విజిళ్లు లెక్కపెట్టకండి. పూర్తి ప్రెషర్ వచ్చాక గడియారం చూసి రెండు మూడు నిమిషాలు ఉంచి, మెల్లగా చల్లార్చాలి. ఎంజైముతో చేసే పాత పద్ధతిలో ఏఈ1/ఏఈ3 పలచన కెరటిన్ కణాలను వదిలేస్తుంది. కుక్కర్ వేడికి సెక్షన్ లేచిపోకుండా పాజిటివ్ చార్జి స్లైడ్లు తప్పనిసరి.

సీసాలు 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి, గడ్డకట్టకూడదు. మన దగ్గర పార్సిల్ కట్టేవాళ్లకి రొయ్యల అలవాటు, ఐసు ఎంత కూరితే అంత మంచిదనుకుంటారు. జెల్ ప్యాక్ సీసాకి నేరుగా ఆనుకుని వస్తే తిరిగి పంపేయండి. తుపాను రోజుల్లో కరెంటు పోతే ఫ్రిజ్ తలుపు తీయకండి, కరెంటు వచ్చాక కేసు మీద వేసేముందు ఒక కంట్రోలు స్లైడు వేసి చూడండి.

కంట్రోలు ముక్క

మా మొదటి ఏడాదిలో ఒకాయనకి తలమీద చిన్న గడ్డ. అప్పట్లో మేం ఎంజైముతో చేసేవాళ్లం, కంట్రోలుగా టాన్సిల్ ఒక్కటే పెట్టేవాళ్లం. టాన్సిల్ ముదురు గోధుమరంగులో మెరిసిపోయింది. కణితి నెగెటివ్. "కార్సినోమా కాదు" అని రాయబోయి, ఎందుకో మనసొప్పక బ్లాకు బయటికి పంపాను. కిడ్నీ క్లియర్ సెల్ కార్సినోమా అని వచ్చింది, ఏఈ1/ఏఈ3 పాజిటివ్‌తో. టాన్సిల్ మీది స్క్వామస్ పొరలో కెరటిన్ దండిగా ఉంటుంది, రన్ ఎంత నాసిగా సాగినా దానికి రంగు వచ్చేస్తుంది. పరీక్ష పెట్టాల్సింది కెరటిన్ తక్కువ ఉన్న కణానికి, అంటే లివర్ కణానికి. లివర్ కణాల్లో దాదాపు అన్నిటి అంచులూ గోధుమరంగు తేలితేనే ఆ రోజు రన్ నమ్మదగినది.

చిన్న ల్యాబుకి లివర్ ఎక్కడిది అంటారా? రోజూ వచ్చే పిత్తాశయాల వెనకవైపు తిప్పి చూడండి, లివర్‌కి అంటుకున్న చోట సన్నని పొర ఒకటి తరచూ ఊడివస్తుంది. దాన్ని పిత్తాశయం గోడతో కలిపి ఒక బ్లాకు, పక్కన అపెండిక్సు ముక్క. లివర్ కణం ఏఈ1/ఏఈ3కి, పిత్తాశయం పొర సీకే7కి, అపెండిక్సు పైపొర సీకే20కి. మూడు ముక్కలు, ఒక బ్లాకు, కొనాల్సిన పనిలేదు.